సాక్ష్యం ఎవరు చెప్పాలి? తెలుగు సంఘాల కాపరులకు, పెద్దలకు ఒక బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియులైన సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, సండే స్కూలు బాధ్యతలు మోస్తున్న సహోదరీ సహోదరులకు,

వందనములు.

నేను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయురాలిని. బాప్తిస్టు ఇంట పుట్టి, లూథరన్ ఇంట మెట్టి, భర్త ప్రభువు సన్నిధికి చేరిన తర్వాత కొడుకు ఇంటికి దగ్గరలో ఉన్న ఒక స్వతంత్ర సంఘంలో కూర్చుంటున్నదాన్ని. కనుక ఈ లేఖ ఏ ఒక్క సంఘశాఖనో వేలెత్తి చూపడానికి రాస్తున్నది కాదు, ఏ సంఘశాఖనూ మినహాయించి రాస్తున్నదీ కాదు. మూడు చోట్లా నాకు వాక్యం చెప్పిన అయ్యగార్లను, ఆపద వేళ మా ఇంటికి వచ్చి మోకాళ్ళూనిన అమ్మగార్లను నేను ప్రేమిస్తాను. ఆ ప్రేమతోనే, చాలా ఏళ్ళుగా నా మనసులో నలుగుతున్న ఒక విషయాన్ని మీ ముందుంచుతున్నాను. అది మన సంఘాల్లో సాక్ష్యం చెప్పే పద్ధతికి సంబంధించినది.

ఆదివారం ఆరాధనలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలకు కొంత సమయం ఇవ్వడం మన దగ్గర చాలా సంఘాల్లో ఉన్నదే. ఒకరు లేచి ఆపరేషన్ బాగా జరిగిందని చెబుతారు. మరొకరు కొడుకుకు ఉద్యోగం వచ్చిందని, ఇంకొకరు ఎన్నోసార్లు తిరస్కరించిన వీసా ఈసారి మంజూరైందని, వేరొకరు స్థలం రిజిస్ట్రేషన్ ఏ ఆటంకం లేకుండా ముగిసిందని చెబుతారు. వీటిలో ఏ ఒక్కదాన్నీ నేను చిన్నచూపు చూడను. డెంగ్యూతో ప్లేట్‌లెట్లు పడిపోయిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఒక తల్లి, ఆ బిడ్డను చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకొచ్చిన రోజున గుడిలో ఏడవనివారు లేరు. పొందిన మేలు చెప్పుకోకుండా ఉండటం కృతఘ్నత. కీర్తనలు పాడిన భక్తులు కూడా చెప్పుకున్నారు.

అయితే ఇన్నేళ్ళలో నేను వినని సాక్ష్యాలు కొన్ని ఉన్నాయి. "మా నాన్న పోయాక తమ్ముడికి రావలసిన అరెకరం నా పేరున రాయించుకున్నాను, మొన్న దాన్ని తిరిగి వాడికి రాసిచ్చాను" అని చెప్పినవారిని నేను చూడలేదు. "నా కొట్లో కాటా కొంచెం తక్కువ తూగుతుందని నాకు తెలుసు, దాన్ని సరిచేయించాను" అని ఎవరూ అనలేదు. "ఇరవై ఏళ్ళుగా ఇంట్లో నా గొంతు లేస్తే పిల్లలు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు, ఈ ఏడాది ఆ తలుపు తెరిచే ఉంటోంది" అని ఒక తండ్రి నిలబడి చెప్పగా వినలేదు. ఇలాంటివి మన మధ్య జరగడం లేదని నేను అనుకోను. జరుగుతున్నా, వాటిని సాక్ష్యంగా చెప్పవచ్చని మనవారికి తోచడం లేదు. దేవుడు మనకు ఏమిచ్చాడన్నది సాక్ష్యం, మనలో ఏమి మార్చాడన్నది సొంత సంగతి అనే విభజన ఎవరూ బోధించకుండానే మన మధ్య స్థిరపడిపోయింది.

సువార్తల్లో ఒక మనిషి తన ఇంట్లో, అందరి ఎదుట నిలబడి చెప్పిన సాక్ష్యం ఉంది. జక్కయ్య సుంకపు గుత్తదారుడు, ధనవంతుడు. లూకా 19వ అధ్యాయంలో ఆయన తన సంపద గురించే మాట్లాడాడు గానీ, అది ఎలా వచ్చి చేరిందో చెప్పి దేవుణ్ణి స్తుతించలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానని, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తానని చెప్పాడు. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట ప్రభువు నోట వచ్చింది ఆ తర్వాతే. ఆ ఇంటికి ఆ రోజు కొత్తగా వచ్చిచేరిన సొత్తు ఏమీ లేదు. ఉన్నది బయటికి వెళ్తోంది. దానినే ప్రభువు రక్షణ వచ్చిన గుర్తుగా చూపించాడు.

ఇంతవరకు రాసింది ఇతరుల గురించి. ఇక నా గురించి చెప్పకుండా ఈ లేఖ రాసే అర్హత నాకు లేదు.

ఇరవై ఏళ్ళ క్రితం మాట. ఒక చిన్న బడిలో నేను పనిచేస్తున్నాను. పొరుగు పట్టణంలో మూడు రోజులు ఉజ్జీవ సభలు జరుగుతున్నాయి. వెళ్ళాలని నాకు ఎంతో ఆశగా ఉంది, కానీ కాజువల్ లీవులు ఇంటి అవసరాలకు దాచుకుంటున్న రోజులవి. "సెలవెందుకండీ, వచ్చాక సంతకాలు పెట్టుకోండి" అని తోటి ఉపాధ్యాయుడు మంచి మనసుతోనే అన్నారు. నేను వెళ్ళాను. మూడు రోజులూ కన్నీళ్ళతో ప్రార్థించాను. తిరిగి వచ్చి, హాజరు పట్టీలో ఖాళీగా ఉన్న మూడు గళ్ళలోనూ నీలం సిరాతో సంతకాలు పెట్టాను. ఆ పెట్టేటప్పుడు నా చెయ్యి వణకలేదు, మనసు గుచ్చలేదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను ఎక్కువగా బాధించేది అదే.

తర్వాతి నెలలో మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. బడి ఊడ్చి, నీళ్ళు పట్టి, చిన్నపిల్లల ముక్కులు తుడిచే ఆయాను కూడా పిలిచాను. ఆమె క్రైస్తవురాలు కాదు. ఆ కూడికలో నేను లేచి, ఉజ్జీవ సభల్లో దేవుడు నాతో ఎలా మాట్లాడాడో, నా జీవితం ఎలా నూతనమైందో చాలాసేపు చెప్పాను. భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతూ ఆయా నాతో అంది: "ఆ సభలు అంత బాగా జరిగాయా టీచరుగారూ? పోనీలెండి, మంచిదే. ఆ మూడు రోజులూ మీ తరగతి పిల్లల్ని నేనే కూర్చోబెట్టానండీ. పాఠాలు నాకు రావు కదా, కథలు చెప్పాను."

ఆమె మాటలో దెప్పిపొడుపు లేదు. ఎరిగిన ఒక సంగతిని ఎరిగినట్టు చెప్పింది, అంతే. నేను చెప్పిన సాక్ష్యం అరగంట సాగింది. నా గురించి ఆమె చెప్పిన సాక్ష్యం నాలుగు మాటల్లో ముగిసింది. రెండింటిలో ఏది నిజమో నాకూ తెలుసు, దేవునికీ తెలుసు. మర్నాడు ప్రధానోపాధ్యాయుని దగ్గరికి వెళ్ళి, ఆ మూడు రోజులకు నా ఖాతాలో సెలవు తగ్గించమని అడిగాను. జరిగిపోయినదాన్ని తవ్వితే అందరికీ ఇబ్బందని ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఆ ఏడాది మిగిలిన సెలవుల్లో మూడు వాడుకోకుండా వదిలేశాను, పిల్లలు పోగొట్టుకున్న పాఠాలు సాయంత్రం పూట కూర్చోబెట్టి చెప్పాను. కానీ ఈ సంగతిని ఏ సంఘంలోనూ ఏనాడూ చెప్పలేదు. చెప్పడానికి మన ఆరాధన క్రమంలో చోటు కనిపించలేదని నన్ను నేను సమర్థించుకున్నాను. ధైర్యం లేకపోవడమే అసలు కారణం.

ఆ రోజు నుంచి పౌలు తిమోతికి రాసిన ఒక మాట నన్ను వదలలేదు. సంఘానికి అధ్యక్షుడు కాగోరినవాడికి ఉండవలసిన లక్షణాలు చెబుతూ ఆయన, "సంఘమునకు వెలుపటివారిచేత మంచి సాక్ష్యము పొందినవాడై యుండవలెను" అన్నాడు (1 తిమోతి 3:7). సాక్ష్యం అనే మాటను మనం మైకు ముందు నిలబడి మన గురించి మనం చెప్పుకునేదానికి వాడుకుంటున్నాం. పౌలు దాన్ని మన పాలవాడు, మన ఇంటి పక్కవారు, మన దగ్గర కూలికి వచ్చేవారు, మన ఆఫీసులో టీ తెచ్చి ఇచ్చే కుర్రాడు మన గురించి చెప్పేదానికి వాడాడు. రోమా శతాధిపతి కొర్నేలీ మంచివాడని చెప్పింది కొర్నేలీ కాదు, యూదులు. సమూయేలు ముసలివాడై తలనెరిసిన తర్వాత జనులందరి ముందు నిలబడి, "నేనెవని యెద్దునైన తీసికొంటినా? ఎవని గార్దభమునైన పట్టుకొంటినా? ఎవనికైన అన్యాయము చేసితినా?" అని అడిగాడు (1 సమూయేలు 12:3). తన మంచితనాన్ని తానే చాటుకోవడం మాని, తనమీద సాక్ష్యం చెప్పే అవకాశాన్ని జనం చేతికిచ్చాడు. మన సంఘ పెద్దల ఎన్నికల కాలంలో ఈ అధ్యాయాన్ని చదివించిన అయ్యగారు ఎవరైనా ఉంటే ఆయన పాదాలకు నమస్కరించాలని ఉంది.

సంఘ పెద్దలను ఎన్నుకునే రోజుల్లో మనం అడిగే ప్రశ్నలు మీకు తెలియనివి కావు. కానుకలు సక్రమంగా ఇస్తున్నారా, ఆరాధనకు మానకుండా వస్తున్నారా, ఏ కుటుంబం, ఏ వర్గం, వెనక ఎన్ని ఓట్లున్నాయి. ఆ పేర్లు ప్రకటించే ముందు, అభ్యర్థి పొలంలో కలుపు తీసే ఇద్దరు ఆడవాళ్ళనో, ఆయన దుకాణంలో గుమాస్తానో, ఆయన వీధిలో ఉన్న ఒక హిందూ కుటుంబాన్నో, ఒక ముస్లిం కుటుంబాన్నో కలిసి "ఈయన ఎలాంటి మనిషండీ?" అని అడిగి వచ్చే బాధ్యతను అయ్యగారు ఎందుకు తీసుకోకూడదు? ఇది నా సొంత ఆలోచన కాదు. పౌలు రాసిన షరతును అక్షరాలా పాటించడమే. చేలు కోసిన పనివారి నుంచి బిగపట్టిన కూలి మొఱ్ఱపెడుతుందని యాకోబు రాశాడు. అది ఎవరి ఇంటి ముందు మొఱ్ఱపెడుతోందో వినాలంటే ఆ పనివారి దగ్గరికే వెళ్ళాలి. కమిటీ గదిలో కూర్చుంటే వినిపించదు.

ఈ ఆలోచన మన నేలకు కొత్తది కూడా కాదు. మా నాయనమ్మది గుండ్లకమ్మ ఒడ్డు ఊరు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర ఆ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతిని మన సభల్లో ఎంతో సంబరంగా చెప్పుకుంటాం. దానికి ముందు జరిగినదాన్ని మాత్రం అంతగా చెప్పుకోం. 1876లో మొదలైన ధాత కరువులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, వేలాది మంది నిరుపేదలకు పని చూపించాడు. ఆ పనిలో ఉన్నవారు బాప్తిస్మం ఇమ్మని ఎంత అడిగినా, కరువు సాయం నడుస్తున్నంత కాలం ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చినవారెవరో, ప్రభువు కోసం వచ్చినవారెవరో తెలియకుండా నీళ్ళలోకి దించడం ఆయనకు ఇష్టం లేకపోయింది. సంఖ్య కోసం తొందరపడవలసిన మిషనరీ ఆగాడు. మనం సంఖ్యను గుర్తుపెట్టుకుని, ఆగడాన్ని మరచిపోయాం.

దోర్నకల్ సంగతి ఇంకా స్పష్టం. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. తమిళ దేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని, ఎద్దుల బండి మీద పల్లెలు తిరిగిన ఆయన బోధలో తాగుడు, అప్పు, రోగం, అపరిశుభ్రత అనేవి ఆత్మీయ విషయాల పక్కనే కూర్చునేవి. 1930లలో ఆ ప్రాంతంలో ఇతర కులాలవారు కొందరు క్రీస్తును అంగీకరించడానికి ముందుకొచ్చినప్పుడు, వారిని కదిలించింది తమ ఊరి మాల, మాదిగ క్రైస్తవుల జీవితాల్లో కళ్ళారా చూసిన మార్పేనని అజరయ్యగారు చెప్పేవారు. ఊరు ఎవరిని దూరం పెట్టిందో వారి గురించే ఊరు సాక్ష్యం చెప్పింది. చదువు లేని, మైకు లేని, పెద్ద గుడి కూడా లేని ఆ తల్లుల, తండ్రుల జీవితాలను తమ ఇళ్ళ అరుగుల మీద నుంచే ఊరివాళ్ళు చదువుకున్నారు. మనలో చాలామందికి రక్తసంబంధులు వారే. వారి మనవలమైన మనం ఏ సాక్ష్యం మీద నిలబడి ఉన్నామో ఒక్కసారి ఆలోచించండి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. మా సంఘంలో ఈ మాట ఎత్తినప్పుడు ఒక పెద్దాయన, "అమ్మా, మనం రక్షింపబడేది కృపచేత, క్రియల వలన కాదు. ఇలా మొదలుపెడితే మన నీతిని మనం లెక్కపెట్టుకునే పరిసయ్యులమైపోతాం" అన్నారు. ఆయన భయం నిజమైనదే. నేనూ దాన్ని గౌరవిస్తాను. ఎఫెసీయులకు రాసిన పత్రికలో రెండో అధ్యాయం ఎనిమిది, తొమ్మిది వచనాలు మనందరికీ కంఠస్థం. కానీ పౌలు అక్కడ ఆగలేదు. సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసునందు సృష్టింపబడ్డామని పదో వచనంలోనే చెప్పాడు. మనం తొమ్మిది దగ్గర ఊపిరి పీల్చుకుని పదికి వెళ్ళడం లేదు.

అతిశయం గురించిన భయానికి నా జవాబు ఇది. కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు కనుక, "నేను ఇంతమందికి దుప్పట్లు పంచాను" అనే సాక్ష్యాన్ని నేను కోరడం లేదు. ఒప్పుకోలుతో మొదలయ్యే సాక్ష్యాన్ని కోరుతున్నాను. "ఇంత తప్పు చేశాను, ఇలా సరిచేసుకున్నాను, ఇంకా ఇంత మిగిలి ఉంది" అని చెప్పే మనిషిలో గర్వానికి చోటు తక్కువ. మంజూరైన వీసా గురించి చెప్పేటప్పుడే గర్వానికి చోటు ఎక్కువని నా అనుభవం.

మరో సంగతి కూడా ఉంది. మన కూడికల్లో ఆత్మ ఇచ్చే వరాలకు దొరికినంత సమయం ఆ ఆత్మ మనలో కాయించే గుణాల ఫలానికి దొరకడం లేదు. కొరింథు సంఘంలో వరాలకు కొదువ లేదు. భాషలున్నాయి, ప్రవచనాలున్నాయి, స్వస్థతలున్నాయి. ఆ సంఘంలోనే ప్రభురాత్రి భోజనం దగ్గర ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుడై ఉన్నాడు, సహోదరుడు సహోదరుణ్ణి న్యాయస్థానానికి ఈడ్చాడు. "అంతకంటె అన్యాయము సహించుట మేలు కాదా?" అని పౌలు వారిని అడిగిన ప్రశ్నను, గుడి స్థలాల కోసం, కమిటీ పదవుల కోసం ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరుగుతున్న మన సంఘాల్లో చదివే రోజు రావాలి. వరం ఒక్క రాత్రిలో రావచ్చు. గలతీయులకు రాసిన పత్రికలో ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము అని పౌలు తొమ్మిదింటిని లెక్కపెట్టినా, వాటన్నిటినీ కలిపి "ఆత్మ ఫలము" అని ఏకవచనంలోనే అన్నాడు. అంటు మామిడి నాటినా కాపు కోసం నాలుగైదేళ్ళు ఆగుతాం, ఆ నాలుగైదేళ్ళూ నీళ్ళు పోస్తాం, పశువులు మేయకుండా కంచె కడతాం. దీర్ఘశాంతాన్ని మాత్రం ఉపవాస ప్రార్థన చివరి రోజున చేతులు పైకెత్తితే దిగివచ్చే వస్తువులా అడుగుతున్నాం.

పేతురు రెండో పత్రిక మొదటి అధ్యాయంలో విశ్వాసానికి సద్గుణాన్ని, సద్గుణానికి జ్ఞానాన్ని, జ్ఞానానికి ఆశానిగ్రహాన్ని, దానికి సహనాన్ని, ఇలా ఒక్కొక్కటిగా అమర్చుకోమని చెబుతూ "పూర్ణజాగ్రత్తగలవారై" అన్నాడు. జాగ్రత్త అన్న మాట నాకు బడిలో బాగా తెలిసిన మాట. అక్షరాలు దిద్దించడం అంటే అదే. పలక మీద "అ" ఒక్కసారి రాసి చూపిస్తే ఏ పిల్లవాడికీ రాదు. చెయ్యి పట్టుకుని దిద్దించాలి, వంకర పోతే తుడిచి మళ్ళీ రాయించాలి. గుణం కూడా అలాగే దిద్దుకోవలసినదని సండే స్కూల్లో నాకు ఆలస్యంగా అర్థమైంది. ఎన్నో ఏళ్ళు నేను పిల్లల చేత వచనాలు కంఠస్థం చేయించి, పోటీలు పెట్టి, బహుమతులిచ్చాను. నాలుకను గురించి యాకోబు రాసిన మూడో అధ్యాయాన్ని తప్పు లేకుండా అప్పజెప్పిన ఇద్దరు పిల్లలు, మొదటి బహుమతి ఎవరిదని మెట్ల మీద ఒకరినొకరు నానా మాటలూ అనుకోవడం చూసిన తర్వాత పద్ధతి మార్చుకున్నాను.

అప్పటి నుంచి నెలకు ఒక్క వచనమే ఇస్తున్నాను. ప్రతి ఆదివారం పిల్లలు అప్పజెప్పనక్కరలేదు, ఆ వారంలో ఆ వచనం ఎక్కడ గుర్తొచ్చిందో, ఎక్కడ తప్పిపోయిందో చెప్పాలి. సహనం గురించిన నెలలో తొమ్మిదేళ్ళ కుర్రాడు, తన నోటు పుస్తకం మీద గీతలు గీసిన చెల్లెల్ని మొదటి వారం కొట్టానని, రెండో వారం కొట్టలేదు గానీ ఆమె పెన్సిలు దాచేశానని, మూడో వారం కూడా దాచేశానని, నాలుగో వారం ఆమెకు ఒక పాత పుస్తకం ఇచ్చి ఇందులో గీసుకోమన్నానని చెప్పాడు. మూడో వారం ఏ మార్పూ లేదని చెప్పడానికి వాడు తల దించుకున్నాడు. నాకు ఆ మూడో వారమే ముఖ్యంగా అనిపించింది. తప్పిపోయినా వచ్చి చెప్పవచ్చని వాడు నేర్చుకున్నాడు. పెద్దవాళ్ళమైన మనకు ఆ మూడో వారాన్ని చెప్పుకునే చోటు సంఘంలో ఎక్కడుంది? మే నెలలో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూలు) జరిపే సంఘాలు ఆ పది రోజుల్లో పాటలు, అభినయాలతో పాటు ఇలాంటి ఒక్క పాఠానికి చోటివ్వాలని సండే స్కూలు ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను.

బాప్తిస్మానికి సిద్ధపరిచే తరగతులు కూడా అంతే. పాపమంటే ఏమిటి, రక్షణ అంటే ఏమిటి అని అడిగి, నేర్పిన జవాబులు రాబట్టి తొట్టి దగ్గరికి తీసుకెళ్తున్నాం. "నువ్వు ఎవరికైనా బాకీ ఉన్నావా, ఎవరితోనైనా మాటలు మానేశావా, ఎవరి సొమ్మైనా నీ దగ్గర ఉందా?" అని అడిగి, ఆ లెక్కలు చక్కబెట్టుకోవడానికి ఒక నెల గడువిచ్చి, తోడుగా ఒక పెద్దను పంపితే బాప్తిస్మం ఆలస్యమవుతుంది. క్లౌ అంతకంటే ఎక్కువ కాలం ఆగాడు. బలిపీఠం ముందు అర్పణ వదిలి, ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువే చెప్పాడు. ఆయన ఆపినది అర్పణను, అది కూడా అర్పించబోతుండగా.

పెళ్ళిళ్ళ విషయం రాయకుండా ఉండలేను. మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదువుతారు. ఈ వివాహానికి అభ్యంతరమున్నవారు తెలియజేయమని అడుగుతారు. ఆ ప్రకటన చదువుతున్న అయ్యగారికి, వింటున్న మనకు, ఎంత కట్నానికి ఒప్పందం కుదిరిందో, ఏ పొలం అమ్మారో తెలుసు. 1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ ఈ దేశంలో నేరం. అయినా మనలో ఒక్కరూ లేచి అభ్యంతరం చెప్పరు. సంబంధం చూసేటప్పుడు మొదట అడిగేది కులం. "యేసుక్రీస్తునందు మీరందరును ఏకముగా ఉన్నారు" అన్న వచనం అదే గుడి గోడ మీద రాసి ఉంటుంది. కట్నం తీసుకున్న పెళ్ళిని నేను జరిపించను అని ఒక కాపరి ముందుగానే సంఘానికి ప్రకటిస్తే, కొన్ని కుటుంబాలు వేరే గుడికి వెళ్ళిపోవచ్చు. ఆ నష్టాన్ని భరించిన కాపరి వెంట ఆ ఊరి ఆడపిల్లల తల్లిదండ్రులందరూ నిలుస్తారని నా నమ్మకం. కట్నం తీసుకున్న ఇంట్లోనే నేనూ కోడలినయ్యాను. నా కొడుకు పెళ్ళికి తీసుకోలేదు. దానికోసం బంధువులతో పడిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి.

చిన్న విషయంలా కనిపించేది మరొకటి. తెల్లవారుజామున గుడి మైకు. మా వీధిలో పదో తరగతి పరీక్షలు రాసే పిల్ల ఉన్న ఒక ఇంటివారు మైకు శబ్దం తగ్గించమని అడిగితే, అది విశ్వాసానికి ఎదురైన హింసగా మా కూడికలో ప్రార్థన విషయమైంది. సాత్వికాన్ని గురించి ఆరు వారాలు వరుసగా ప్రసంగాలు విన్న సంఘమే అది. నేను అయ్యగారి దగ్గరికి వెళ్ళి, వారిది ద్వేషం కాదని, వారి పిల్లకు గణితం చెప్పింది నేనేనని వివరించాక, ఆయన వెంటనే ఒప్పుకుని స్పీకరును గుడి లోపలికి తిప్పించారు. ఆ వారం ఆ పిల్ల తండ్రి వచ్చి ఆయనకు కృతజ్ఞత చెప్పి వెళ్ళాడు. వెలుపటివారి సాక్ష్యం అంటే ఇదేనని ఆ రోజు అయ్యగారితో అన్నాను.

ప్రతి జనవరి 1న అర్ధరాత్రి ఆరాధనలో మనం బైబిలు వాగ్దానాలు రాసిన వాగ్దాన కార్డులను పళ్ళెంలోంచి తలా ఒకటి తీసుకుంటాం. ఏడాదంతా దాన్ని అద్దానికి అతికించుకుంటాం, బైబిల్లో పెట్టుకుంటాం. నాకూ ఆ అలవాటు ఉంది, ఇష్టం కూడా. ఆ పళ్ళెం పక్కనే మరో పళ్ళెం ఉంచమని మిమ్మల్ని అడుగుతున్నాను. "మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యుండవలెను" అని ఒక దాంట్లో, "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని మరోదాంట్లో రాసి ఉన్న కార్డులు ఆ పళ్ళెంలో పెట్టండి. వ్యాపారి చేతికి త్రాసు కార్డు వస్తే ఆయన దాన్ని తన కొట్లో కాటా పక్కన అతికిస్తాడో లేదో ఊరు చూస్తుంది.

అయ్యగార్లారా, ఈ లేఖలో అడిగినవన్నీ ఒక్కసారే చేయమని నేను కోరడం లేదు. ఒక్కటి చేయండి. నెలలో ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో, పొందిన మేలు కాక, సరిదిద్దుకున్న తప్పును చెప్పదలచినవారిని ముందుకు పిలవండి. మొదటి నెలలో ఎవరూ రాకపోవచ్చు. ఆ నిశ్శబ్దాన్ని పాటతో నింపకుండా కాసేపు అలాగే ఉండనివ్వండి.

మా సంఘంలో ఆ ఆదివారం వచ్చిన రోజున మొదట నేనే లేస్తాను. ఆ బడి ఆయా ఇప్పుడు బాగా ముసలిదైపోయి, మా ఊళ్ళోనే కూతురి దగ్గర ఉంటోంది. చూపు తగ్గింది గానీ జ్ఞాపకం చెక్కుచెదరలేదు. ఆ రోజు ఆమెను చెయ్యి పట్టుకుని గుడికి తీసుకొస్తాను. మూడు సంతకాల సంగతి నేను చెప్పడం ముగించాక, ఆ తర్వాతి ఇన్నేళ్ళలో నేను ఎలాంటి టీచరుగా, ఎలాంటి మనిషిగా ఉన్నానో దయచేసి ఆమెను అడగండి. ఆమె చెప్పింది ఏదైనా సరే, సంఘమంతా వినాలి.

ఇట్లు,
ప్రభువు సేవలో మీ సహోదరి,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు